నీళ్లలో ఎలిమెంటు, నేలలో ఎర్తు

నీళ్లలో మునిగి పనిచేసే హీటింగ్ ఎలిమెంటు ఎంత మంచి రకమైనా ఏదో ఒక రోజు పాడవుతుంది. పైతొడుగుకు సూదిమొనంత బెజ్జం పడుతుంది, చెమ్మ లోపలికి దిగుతుంది, కరెంటు నీళ్లలోకీ అక్కడి నుంచి గుండిగ అంచుకూ పాకుతుంది. వైరింగు చేసేవారు ఆ రోజును తలచుకొని చేయాలే తప్ప, ఎలిమెంటు తళతళలాడుతున్న మొదటి రోజును చూసి చేయకూడదు. గోదావరి డెల్టాలో ఈ జాగ్రత్త మరీ అవసరం. ఇక్కడ వంటశాల గచ్చు ఎప్పుడూ తడిగానే ఉంటుంది, పనివాళ్లు చాలాచోట్ల చెప్పులు లేకుండానే తిరుగుతారు, గాలిలో చెమ్మ ఏడాదిలో ఎక్కువ నెలలు వదలదు, సముద్రం వైపు వెళ్లేకొద్దీ బోరు నీటిలో ఉప్పు పెరుగుతుంది. మొదటి రెండూ మనిషికి ముప్పు తెచ్చేవి, తరువాతి రెండూ ఎలిమెంటును తినేసేవి.

భీమవరం, పాలకొల్లు, అమలాపురం, రావులపాలెం వంటి ఊళ్లలో టిఫిన్ హోటళ్లకూ క్యాటరింగ్ వంటశాలలకూ హాస్టళ్లకూ పెద్ద గుండిగల్లో నీళ్లు కాచుకోవడం రోజువారీ పని. కట్టెలో గ్యాసో మానేసి, గుండిగ అడుగున బెజ్జం వేయించి ఎలిమెంటు బిగించుకోవాలనుకునేవారికి ఇంటర్‌నెట్‌లో దొరికే వైరింగు పటాల్లో వివరంగా ఉన్నవి ఎక్కువగా విదేశాల్లో ఇంటి దగ్గర బీరు తయారుచేసుకునేవారు గీసుకున్నవి. బ్రిటన్‌లో 1963 నుంచి, అమెరికాలో 1978 నాటి సమాఖ్య చట్టం మరుసటి సంవత్సరం అమలులోకి వచ్చినప్పటి నుంచి, సొంత వాడకానికి ఇంట్లో బీరు తయారుచేసుకోవడం చట్టబద్ధమే. ఆంధ్రప్రదేశ్‌లో లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం కాబట్టి ఇక్కడ ఆ ప్రస్తావన పరికరం వరకే. అయితే ఆ పరికరం గమనించదగినది. మరపట్టిన మాల్టును, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని, సుమారు 65 నుంచి 68 డిగ్రీల నీటిలో గంటసేపు ఉంచి, వడకట్టిన తీపి ద్రవాన్ని మరో గంటసేపు తెర్లించడం ఆ తయారీలో ముఖ్యమైన భాగం. ఒకే వేడి దగ్గర నిలకడగా ఉంచడమూ, ఆ తరువాత పూర్తి బలంతో గంటసేపు ఆగకుండా మరిగించడమూ ఎలిమెంటుకూ వైరుకూ గట్టి పరీక్షలే. అందువల్ల ఆ పనిలో ఉన్నవారు ఈ వైరింగు గురించి చాలా లోతుగా ఆలోచించారు.

వారి ఆలోచన పనికొస్తుంది కానీ వారి పటం యథాతథంగా పనికిరాదు. అమెరికా ఇళ్లలో 240 వోల్టుల హీటర్‌కు న్యూట్రల్ ఉండదు, రెండు ఫేసు తీగలుంటాయి. ఒక్కొక్కటీ భూమితో పోలిస్తే 120 వోల్టుల దగ్గర ఉంటుంది, రెండింటి మధ్య 240 ఉంటాయి. అంటే అక్కడ ఎలిమెంటు పగిలి నీళ్లలోకి కరెంటు దిగినా, నేల మీద నిలబడ్డ మనిషికి తగిలేది 120 వోల్టులే. మన దగ్గర ఒక్క ఫేసు తీగే భూమితో పోలిస్తే మొత్తం 230 వోల్టులనూ మోస్తుంది. అక్కడ మనుషుల రక్షణకు పెట్టే జీఎఫ్‌సీఐ పరికరం సుమారు 5 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరాను తెంచుతుంది, మన ఇళ్లలో అదే పనికి పెట్టే ఆర్‌సీసీబీకి ఆ హద్దు 30 మిల్లీ ఆంపియర్లు. వోల్టేజి సగం, హద్దు ఆరోవంతు ఉన్నచోట సరిపోయిన జాగ్రత్త ఇక్కడ సరిపోతుందనుకోవడం పొరపాటు. రంగుల విషయం ఇంకా ప్రమాదకరం. అమెరికా పటంలో నల్ల తీగ ఫేసు, తెల్ల తీగ న్యూట్రల్. మన వైరింగులో నలుపు న్యూట్రల్. పటంలోని రంగులను చూసి తీగలు కలిపితే స్విచ్ న్యూట్రల్ మీద పడుతుంది; అప్పుడు స్విచ్ ఆపినా ఎలిమెంటు మొత్తం ఫేసు వోల్టేజి మీదే ఉంటుంది. ఏ పటం ముందున్నా, ఇక్కడ ఫేసునూ న్యూట్రల్‌నూ కలిపి ఒకేసారి తెంచే డబుల్ పోల్ స్విచ్ పెట్టడమే పద్ధతి.

ఎలిమెంటు కొనేటప్పుడు దాని మీద రాసి ఉన్న వాట్లను మాత్రమే చూస్తే చాలదు, ఆ వాట్లు ఎన్ని వోల్టుల దగ్గర వస్తాయో చూడాలి. ఎలిమెంటుకు ఉన్నది దాదాపు మారని నిరోధం. వోల్టేజి మారితే వాట్లు ఆ మార్పు వర్గానికి తగ్గట్టు మారతాయి. 240 వోల్టుల దగ్గర 5,500 వాట్ల ఎలిమెంటుకు నిరోధం సుమారు పదిన్నర ఓములు. మన 230 వోల్టుల మీద అది సుమారు 5,050 వాట్లిస్తూ 22 ఆంపియర్లు లాగుతుంది, అంటే మన 16 ఆంపియర్ల పవర్ ప్లగ్‌కు అది పనికిరాదు. 120 వోల్టులకు చేసిన 1,500 వాట్ల ఎలిమెంటును చవకగా దొరికిందని తెచ్చి 230 వోల్టులకు కలిపితే అది 5,500 వాట్లు లాగడానికి ప్రయత్నించి కాసేపట్లోనే కాలిపోతుంది. 230 వోల్టులకు చేసిన 3,000 వాట్ల ఎలిమెంటు, సాయంత్రం పూట వోల్టేజి 190కి పడిపోయిన లైను చివర, సుమారు 2,050 వాట్లే ఇస్తుంది.

యాభై లీటర్ల నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగే దాకా తీసుకెళ్లాలంటే సుమారు నాలుగు యూనిట్ల కరెంటు కావాలి. 3,000 వాట్ల ఎలిమెంటుకు అది గంటా ఇరవై నిమిషాల పని, అదీ మూత పెట్టి, వేడి బయటికి పోకుండా చూసుకుంటే. వోల్టేజి 190 దగ్గర ఉంటే రెండు గంటలు దాటుతుంది. ఈ ఆలస్యానికి విసిగి రెండో ఎలిమెంటు తగిలించుకోవడం సాధారణంగా చేసే పని. దానితో లైను మీద భారం రెట్టింపై వోల్టేజి ఇంకా పడుతుంది. గుండిగ చుట్టూ మందపాటి ఇన్సులేషన్ చుట్టడం ఇంతకన్నా చవక. సర్వీసుకు మంజూరైన లోడు 1 కిలోవాటో 2 కిలోవాట్లో ఉన్న ఇంట్లో 3 కిలోవాట్ల ఎలిమెంటు పెట్టేముందు తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ, అంటే ఈపీడీసీఎల్ దగ్గర అదనపు లోడు నమోదు చేయించుకోవాలి.

ఇక ఎలిమెంటు లోపలి సంగతి. నడుమ నికెల్, క్రోమియం కలిసిన నైక్రోమ్ తీగ చుట్టలుగా ఉంటుంది. దాని చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడిని గట్టిగా కూరి, పైన రాగి, స్టెయిన్‌లెస్ స్టీలు లేదా ఇంకొలాయ్ అనే మిశ్రమలోహపు గొట్టం తొడుగుతారు. ఆ పొడి గుణం విచిత్రమైనది: వేడిని బాగా పంపుతుంది, కరెంటును ఆపుతుంది, కానీ గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. ఎలిమెంటు చివర్లలో ఉండే సీలు సరిగా లేకపోతే, వానల్లో అటక మీద పడి ఉన్న ఎలిమెంటు ఆ చివరల నుంచే చెమ్మ తాగుతుంది. శ్రావణంలో పెళ్లిళ్లు మొదలయ్యాక దాన్ని దించి పెట్టగానే ఆర్‌సీసీబీ పడిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. పెట్టేముందు ఇన్సులేషన్ కొలిచే మీటరు, అంటే 500 వోల్టుల మెగ్గర్‌తో ఎలిమెంటు పిన్నుకూ పైతొడుగుకూ మధ్య ఇన్సులేషన్ కొలిపించాలి. 1 మెగాఓము కన్నా తక్కువ చూపిస్తే దాన్ని నీళ్లలో పెట్టకూడదు. విప్పి, వంద డిగ్రీలకు కాస్త పైన ఉండే పొడి వేడిలో కొన్ని గంటలు ఆరబెట్టి మళ్లీ కొలవాలి. ఆరబెట్టాక కూడా అంకె పైకి రాకపోతే తొడుగే పగిలిందని అర్థం.

తొడుగు పగలడానికి డెల్టాలో ఎక్కువ అవకాశమున్నది ఉప్పు వల్ల. అంతర్వేది, ఓడలరేవు వైపు బోరు నీటిలో ఉండే క్లోరైడ్, వేడి నీటిలో, మామూలు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలును చుక్కలు చుక్కలుగా తొలిచేస్తుంది. తుప్పు పట్టనిదని కొన్న గొట్టానికి బయటికి కనిపించని బెజ్జాలు పడతాయి. నికెల్ ఎక్కువగా ఉండే ఇంకొలాయ్ తొడుగు దీన్ని మెరుగ్గా తట్టుకుంటుంది, ధర ఎక్కువైనా సముద్ర తీర మండలాల్లో దాన్నే ఎంచుకోవడం మేలు. గార పట్టడం మరో సమస్య. తొడుగు మీద పేరుకున్న గార వేడిని నీళ్లలోకి పోనివ్వదు, లోపలి తీగ ఉండవలసిన దానికన్నా వేడెక్కుతుంది. ఇక నీళ్లు తగ్గి ఎలిమెంటు బయటపడితే నిమిషం లోపే ఎర్రగా కాలి తొడుగు చీలిపోవచ్చు.

నీళ్లు కాక తీపి ద్రవమో పాలో కాచేటప్పుడు తొడుగు మీద అవి అంటుకుని మాడతాయి. బీరు తయారీలో ఇది పెద్ద తలనొప్పి. మాడిన రుచి మొత్తం పీపాకు ఎక్కుతుంది. అందుకే వారు పొడవుగా మడతలు వేసిన, చదరపు అంగుళానికి 50 వాట్లు లేదా అంతకన్నా తక్కువ పడే ఎలిమెంట్లు వాడతారు. ఇక్కడ పంచదార పాకానికో బాదంపాలకో ఎలిమెంటు వాడాలనుకునేవారు ఇదే చూసుకోవాలి. పాలకు మాత్రం నేరుగా ఎలిమెంటు పెట్టడం ఎలా చూసినా మంచి ఆలోచన కాదు. వేడి నీళ్లలో పాల గిన్నె పెట్టుకోవడమే నయం.

అసలు విషయం ఎర్తు. చాలా వంటశాలల్లో, కరెంటు హద్దు మీరితే తనంతట తానే పడిపోయే ఎంసీబీ స్విచ్ ఉంటే చాలు, షాకు కొట్టదనే నమ్మకం ఉంది. ఎంసీబీ కాపాడేది వైరును. మనిషిని అది ఎందుకు కాపాడలేదో ఒక లెక్కతో చూడవచ్చు. పల్లెల్లో సర్వీసు వైరు వెంట ఫేసూ న్యూట్రలూ మాత్రమే వస్తాయి, ఎర్తు ఇంటివాళ్లే వేసుకోవాలి. ఇంటి ఎర్తు నిరోధం 8 ఓములనీ, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి న్యూట్రల్ ఎర్తు 4 ఓములనీ అనుకుందాం. రెండూ చెడ్డ అంకెలేమీ కావు. గుండిగకు ఎర్తు వైరు బిగించి ఉంది, 3,000 వాట్ల ఎలిమెంటు ఫేసు కొస దగ్గర తొడుగుకు తగిలింది. అప్పుడు ఎర్తులోకి పోయేది 230ని 12తో భాగిస్తే వచ్చే 19 ఆంపియర్లు. ఆ 19 ఆంపియర్లు ఇంటి ఎర్తు 8 ఓముల గుండా పోతున్నంతసేపూ గుండిగ సుమారు 150 వోల్టుల దగ్గర ఉంటుంది. ఎలిమెంటు లాగే 13 ఆంపియర్లు కలుపుకున్నా 16 ఆంపియర్ల ఎంసీబీ గుండా వెళ్లేది 32 మాత్రమే. బి రకం ఎంసీబీ తక్షణం పడాలంటే దాని అంకెకు మూడు నుంచి ఐదు రెట్ల కరెంటు, అంటే 48 నుంచి 80 ఆంపియర్లు కావాలి. సి రకానికైతే ఐదు నుంచి పది రెట్లు. రెండు రెట్ల దగ్గర అది లోపలి పట్టీ వేడెక్కి వంగేదాకా ఆగుతుంది. ఆ వ్యవధిలో గుండిగ అంచు పట్టుకున్న తడి చేయి ఒళ్లంతటికీ 150 మిల్లీ ఆంపియర్ల దాకా పంపవచ్చు, తడి ఒంటి నిరోధం వెయ్యి ఓముల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి.

ఇంతకన్నా మోసపుచ్చే సందర్భం ఇంకొకటుంది. తొడుగు సరిగ్గా ఎలిమెంటు నడిమధ్య పగిలితే, కరెంటు ఎర్తుకు చేరేముందు సగం ఎలిమెంటు గుండా రావాలి. పై అంకెలతోనే లెక్క వేస్తే ఎర్తులోకి సుమారు 7 ఆంపియర్లు పోతాయి, ఎంసీబీ గుండా వెళ్లే మొత్తం పదహారున్నర ఆంపియర్ల దగ్గరే ఆగుతుంది. 16 ఆంపియర్ల ఎంసీబీ తన అంకెకు 1.13 రెట్ల వరకు, అంటే 18 ఆంపియర్ల వరకు గంటసేపైనా పడకూడదని ప్రమాణమే చెబుతుంది. కాబట్టి నీళ్లు మామూలుగానే కాగుతుంటాయి, ఎంసీబీ మామూలుగానే నిలబడి ఉంటుంది, గుండిగ మీద 56 వోల్టులుంటాయి. పొడి చోట్ల 50 వోల్టులు, తడి చోట్ల 25 వోల్టులు దాటకూడదన్నది అందరూ పాటించే హద్దు. ఎర్తు ఉన్నా ఎంసీబీ ఉన్నా ఇదీ పరిస్థితి.

ఈ ఖాళీని పూరించేది ఆర్‌సీసీబీ. డెల్టాలో ఎలక్ట్రీషియన్లు ఈఎల్‌సీబీ అనే పాత పేరుతోనే ఎక్కువగా పిలుస్తారు. ఫేసులో వెళ్లిన కరెంటూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయో లేదో అది చూస్తూ ఉంటుంది, తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపు పడిపోతుంది. ప్రమాణం ప్రకారం 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర 0.3 సెకను లోపల, 150 దగ్గర 0.04 సెకను లోపల పడాలి. పై ఉదాహరణల్లోని 19 ఆంపియర్లూ 7 ఆంపియర్లూ దానికి కొండంత తేడాలు. ఎర్తు నిరోధం వేసవిలో 100 ఓములకు దిగజారినా, 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర గుండిగ మీద నిలిచే వోల్టేజి 3 మాత్రమే. ఎర్తు లేకుండా ఆర్‌సీసీబీ ఒక్కటే ఉంటే, లీకేజీకి దారి ఎవరో గుండిగను తాకాకే దొరుకుతుంది. అప్పుడూ అది పడుతుంది కానీ ఆ మనిషికి షాకు తగిలాక పడుతుంది. ఎర్తు ఉంటే ఎవరూ తాకకముందే పడుతుంది. అందుకే ఈ రెండింటిలో ఒకటి చాలుననే వాదనకు అర్థం లేదు. ఆర్‌సీసీబీకి ఓవర్‌లోడు పట్టదు కాబట్టి దాని వెంట ఎంసీబీ కూడా ఉండాలి, లేదా రెండు పనులూ చేసే ఆర్‌సీబీఓ పెట్టుకోవాలి. ఒక చేత్తో ఫేసునూ ఇంకో చేత్తో న్యూట్రల్‌నూ పట్టుకున్న మనిషిని మాత్రం ఏ ఆర్‌సీసీబీ గుర్తించలేదు.

డెల్టాలో అతి ప్రమాదకరమైన అలవాటు, మాటిమాటికీ పడిపోతోందని ఈఎల్‌సీబీని తీసేయించి నేరుగా కలిపించుకోవడం. పెళ్లి వంట మధ్యలో అది పడితే వంటమేస్త్రీ అసహనం అర్థం చేసుకోదగినదే. కానీ అది పడిందంటే లీకేజీ ఉన్నట్టే. ఇల్లంతటికీ ఒకే ఆర్‌సీసీబీ ఉన్నచోట ఫ్రిజ్, మోటారు, కంప్యూటర్ల చిన్న చిన్న లీకేజీలన్నీ కలిసి ముందే పది, పన్నెండు మిల్లీ ఆంపియర్లు అయి ఉండవచ్చు. పైగా 30 అంకె ఉన్న పరికరం 15 దాటాక ఎక్కడైనా పడవచ్చని ప్రమాణమే అనుమతిస్తుంది. కొద్దిగా చెమ్మ తిన్న ఎలిమెంటు ఆ మిగిలిన తేడాను పూడ్చేస్తుంది. దీనికి మందు ఎలిమెంటుకు విడిగా ఒక ఆర్‌సీసీబీ పెట్టడం, ఎలిమెంటును ఆరబెట్టి మెగ్గర్ చేయించడం. 30కి బదులు 100 లేదా 300 మిల్లీ ఆంపియర్ల రకం పెట్టి సమస్య తీరిందనేవారు ఉన్నారు. అవి అగ్ని ప్రమాదానికి అడ్డు తప్ప మనిషికి కావు. ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కాలి. ఆ బటన్ లోపలి యంత్రాంగాన్ని మాత్రమే పరీక్షిస్తుంది, ఎర్తు గురించి ఏమీ చెప్పదు.

ఎర్తు సంగతికి వస్తే డెల్టా నేల ఒక విధంగా వరం. ఒండ్రు బంకమట్టి, కొద్ది మీటర్ల లోతులోనే తగిలే నీరు. రాయలసీమ రాతి నేలల్లో ఎంతో కష్టపడితేగాని రాని తక్కువ నిరోధం ఇక్కడ రెండున్నర మీటర్ల పైపుతోనే వస్తుంది. అయితే ఇదే నేల ఆ పైపును తినేస్తుంది. చవిటి నేలలో జీఐ పైపుకు పెట్టిన జింకు పూత కొన్నేళ్లలో పోతుంది, పైపు మీద బిగించిన క్లాంపు దానికన్నా ముందే తుప్పుతో వదులవుతుంది. గుంటలో బొగ్గూ ఉప్పూ వేయడం పాత పద్ధతి. అసలే ఉప్పగా ఉన్న నేలలో మరింత ఉప్పు వేయడం వల్ల తుప్పు పెరగడమే తప్ప ఒరిగేది తక్కువ. అక్కడ రాగి పూత రాడ్డు మేలు. ఎగువన, ధవళేశ్వరం నుంచి వచ్చే నీరు ఆపి వేసవిలో కాలువలు కట్టేశాక నల్లరేగడి నెర్రెలిస్తుంది, ఎలక్ట్రోడ్ చుట్టూ మట్టి విడిపోతుంది. వానాకాలంలో కొలిచిన అంకెను చూసి సంతోషపడితే చాలదు, ఎర్తు కొలవవలసింది మే నెలలో.

కొలవడం అంటే ఎర్త్ టెస్టర్‌తో కొలవడం. ఫేసుకూ ఎర్తుకూ మధ్య వంద వాట్ల బల్బు పెట్టి, వెలిగింది కాబట్టి ఎర్తు బాగుందనడం ఇక్కడ పాతుకుపోయిన పరీక్ష. ఆ బల్బు నిరోధం వెలుగుతున్నప్పుడు 500 ఓముల పైమాటే. ఎర్తు 50 ఓములకు చెడిపోయినా బల్బు అందుకున్న వోల్టేజిలో తగ్గేది ఇరవైకి మించదు, కంటికి వెలుగులో తేడా కనిపించదు. ఈఎల్‌సీబీ ఉన్న సర్క్యూట్‌లో ఆ బల్బు పెట్టగానే సరఫరా పోతుంది, దాన్ని చూసి కూడా ఈఎల్‌సీబీదే తప్పనేవారున్నారు.

ఎర్తు వైరు గుండిగకు ఎలా చేరుతుందన్నదీ ముఖ్యమే. ఎలిమెంటు ఫ్లాంజికి బిగించి వదిలేస్తే, రబ్బరు వాషర్ల మధ్య ఉన్న ఫ్లాంజికీ గుండిగకూ మధ్య లోహపు స్పర్శ ఉండకపోవచ్చు. గుండిగకే విడిగా ఒక బోల్టు వేసి, లగ్ నొక్కి, పళ్ల వాషర్‌తో బిగించి, మల్టీమీటర్‌తో ప్లగ్ ఎర్తు పిన్ను నుంచి గుండిగ అంచు దాకా చూడాలి. ఒక ఓములో చిన్న భాగం మాత్రమే చూపించాలి. అల్యూమినియం గుండిగకు రాగి లగ్ నేరుగా తగిలితే తడిలో రెండింటి మధ్య అల్యూమినియం కొరుక్కుపోతుంది, తగరం పూసిన లగ్ వాడాలి. మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్తు పిన్ను లావుగా, పొడవుగా ఉండేది ముందుగా అది తగిలి చివరగా విడిపోవడానికే. రెండు పిన్నుల ఎడాప్టర్ ఆ మొత్తం ఏర్పాటును కొద్ది రూపాయలకే రద్దు చేస్తుంది.

వైరు విషయంలో సందేహానికి చోటు లేదు: 3,000 వాట్లకు 2.5 స్క్వేర్ ఎంఎం రాగి, 5,000 వాట్ల దాకా 4 స్క్వేర్ ఎంఎం, వాటికి తగిన ఎంసీబీ. మంటలు ఎక్కువగా మొదలయ్యేది వైరులో కాక ప్లగ్‌లో. వదులైన పిన్ను దగ్గర అర ఓము నిరోధం ఉన్నా 13 ఆంపియర్ల కరెంటుకు అక్కడ 84 వాట్ల వేడి పుడుతుంది, అంటే వేలెడంత ప్లాస్టిక్ ముక్కలో ఒక పెద్ద సోల్డరింగ్ ఐరన్ మండుతున్నట్టు. గంటల తరబడి నడిచే ఎలిమెంటుకు ఎక్స్‌టెన్షన్ బోర్డు అసలు వాడకూడదు. టెర్మినళ్ల మీద నీళ్లు పడని పెట్టె, వైరు లోపలికి వెళ్లే చోట గ్లాండు, పెట్టెకు ముందు వైరును కిందికి వేలాడేలా ఒక వంపు: చుక్క నీరు వైరు వెంట జారినా ఆ వంపు దగ్గర కింద పడిపోతుంది.

వేడిని ఒకే చోట నిలపడానికి బీరు తయారీదారులు వేడిని చూస్తూ కరెంటును సర్దే పీఐడీ కంట్రోలర్, ఎస్ఎస్ఆర్ అనే కదిలే భాగాల్లేని రిలే వాడతారు, మన దగ్గరా ఇవి సులభంగా దొరుకుతున్నాయి. ఎస్ఎస్ఆర్ గురించి రెండు సంగతులు తెలిసి ఉండాలి. అది పాడైతే సాధారణంగా ఆఫ్‌లో కాక ఆన్‌లోనే నిలిచిపోతుంది. ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా దాని గుండా కొద్ది మిల్లీ ఆంపియర్లు పారుతూనే ఉంటాయి. కాబట్టి కంట్రోలర్ అంకె సున్నా చూపిస్తున్నా చేయి పెట్టకూడదు. దానికి ముందు కాంటాక్టరో (పెద్ద కరెంటును తెంచే రిలే) డబుల్ పోల్ స్విచ్చో ఉండి తీరాలి. 13 ఆంపియర్ల దగ్గర ఎస్ఎస్ఆర్ సుమారు 15 వాట్ల వేడి వదులుతుంది, మే నెల వంటశాలలో మూసిన పెట్టెలో అది హీట్‌సింక్ లేకుండా బతకదు. నీళ్లు తగ్గితే కాంటాక్టర్‌ను ఆపే ఫ్లోట్ స్విచ్ ఎలిమెంటు ధరతో పోలిస్తే చవక.

పెళ్లి పందిళ్లలో జనరేటర్ మీద ఎలిమెంటు నడిపేటప్పుడు మరో చిక్కుంది. చిన్న జనరేటర్లలో న్యూట్రల్‌ను బాడీకీ భూమికీ కలపకుండా వదిలేసి ఉంచవచ్చు. అప్పుడు లీకేజీకి తిరిగివెళ్లే దారి లేదు, ఆర్‌సీసీబీ ఎంత మంచిదైనా పడదు. మొదటి లోపం తెలియకుండా మిగిలి, రెండో లోపం వచ్చిన రోజు ప్రాణం మీదికి వస్తుంది. ఆర్‌సీసీబీకి ముందు, జనరేటర్ దగ్గరే, న్యూట్రల్‌ను బాడీకి కలిపి రాడ్డు పాతాలి. ఈ పని జనరేటర్ తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత చేయించాలి. ఎర్తు లేనిచోట న్యూట్రల్‌నే గుండిగకు కలిపేయడం దీనికి పూర్తిగా భిన్నమైనది, ఎన్నడూ చేయకూడనిది. స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిన క్షణంలో ఎలిమెంటు గుండా వచ్చిన ఫేసు నేరుగా గుండిగ మీద నిలుస్తుంది, అప్పుడు పట్టుకున్నవారికి 230 వోల్టులు.

లంక గ్రామాల వారికి చివరి విషయం వరద. 1986 ఆగస్టులోనూ 2022 జూలైలోనూ వచ్చినటువంటి వరదల్లో బోర్డులతో సహా ఇళ్లు మునుగుతాయి. నీరు తీశాక ఎంసీబీ, ఆర్‌సీసీబీలను ఎండబెట్టి మళ్లీ వాడుతుంటారు; లోపల చేరిన ఒండ్రు వాటి స్ప్రింగులనూ కాంటాక్టులనూ పట్టేస్తుంది, ఆన్ అవుతాయి కానీ అవసరమైనప్పుడు పడకపోవచ్చు. వాటిని తీసి కొత్తవి వేయాలి, ఎర్తు క్లాంపు విప్పి శుభ్రంగా గీకి మళ్లీ బిగించాలి. ఎలిమెంటు మాత్రం, ఆరబెట్టాక మెగ్గర్ మీద 1 మెగాఓము దాటితే, మళ్లీ గుండిగకు పెట్టుకోవచ్చు.